భూతద్దం కుండీ మార్చిన వైనం

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ముఖం మీద కాదు, వెనకాల. ఆ సంగతి ఆమెకు తెలుసు, తెలిసినట్టు కనపడేది కాదు. ముప్పై ఏళ్లుగా ఆఖరి బల్ల దగ్గర కూర్చుని, కుట్టు పూర్తయి వచ్చిన ప్రతి చొక్కానూ తిరగేసి, కాలరు మడతలు వేళ్లతో తడిమి, తప్పు దొరికిన చోట ఎర్ర బాణం గుర్తున్న స్టిక్కరు అంటించడం ఆమె పని. స్టిక్కరు పడ్డ చొక్కా మళ్లీ కుట్టినవాళ్ల దగ్గరికే వెళ్తుంది. ఆ పేరు ఎవరు పెట్టారో వేరే చెప్పక్కర్లేదు.

మొదట దారాలు కత్తిరించే పనిలో చేరింది. అప్పటికి పందొమ్మిదేళ్ల పిల్ల. ఒకరోజు పసిపిల్లల చొక్కా ఒకటి చేతికొచ్చింది. ముగ్గురు చూసి బాగుందని పంపేసిన చొక్కా అది. ఆమెకు మాత్రం కాలరు దగ్గర ఎందుకో మనసొప్పలేదు. గోటితో నొక్కుతూ పోతే ఒకచోట చురుక్కుమంది. విరిగిన సూదిమొన, బియ్యపు నూకంత ముక్క, మడతలో దాక్కుని ఉంది. మర్నాడే సూపర్‌వైజరు ఆమెను చెకింగ్ బల్లకు మార్చాడు. "బాగుందని ఎవరన్నా సరే, నువ్వు నమ్మకు. నీకు జీతం ఇచ్చేది అందుకే," అన్నాడు. ఆ మాట ఉద్యోగంతో ఆగలేదు. బతుక్కే పట్టుకుంది.

పెళ్లైన కొత్తలో భర్త ముచ్చటపడి చేతిసంచి కొనిస్తే, బాగుందో లేదో చెప్పకముందే తిరగేసి లోపలి కుట్టు చూసింది. డాక్టరు రాసిన మందు ఒక షాపులో కొని, దాని పేరు ఇంకో షాపులో చదివించుకునేది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఏం పని పడిందోనని వాళ్లు వెళ్లిపోయేదాకా కాచుకుని ఉండేది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నిదానస్తుడు. "అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో భూతంతో పాటు అద్దం కూడా ఉంది," అని స్నేహితుల దగ్గర చెప్పుకునేవాడు. ఆమె వింటే వినేది, లేకపోతే లేదు.

ఈ గుణం వల్ల ఇంట్లో ఒకటే పెద్ద నష్టం జరిగింది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో కాపురం ఉన్న రోజుల్లో, పదేళ్ల సర్వీసుకని ఫ్యాక్టరీవాళ్లిచ్చిన మంచి కత్తెర కనపడకుండా పోయింది. అంతకు ముందురోజే తోటికోడలు, అంటే మరిది భార్య, పిల్లల బడి పనికని రంగు కాగితాలు కత్తిరిస్తూ కూర్చుంది. ఈమె ఏమీ అడగలేదు. అడిగితే లేదంటుంది, ఇంకేమంటుంది అనుకుంది. మర్నాటినుంచి బీరువాకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. తోటికోడలు ఆ తాళంచెవి చూసింది, ఆమె కూడా ఏమీ అడగలేదు. మూడు నెలలు తిరక్కుండా మరిది వేరే పేటలో ఇల్లు చూసుకున్నాడు. పద్నాలుగేళ్లు గడిచిపోయాయి. పెళ్లిళ్లలో, చావుల్లో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకోవడమే తప్ప, ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

అలాంటి తోటికోడలు ఒక ఆదివారం పొద్దున్నే తలుపు కొట్టింది. ఒక చేతిలో సంచి, రెండో చంకలో పాత రంగుల డబ్బా. డబ్బాలో మోకాలెత్తు మొక్క. మూడేసి ఆకులు, కాడ నిండా సన్నటి నూగు, ఆకుల మొదళ్లలో గుండుసూది తలలంతేసి లేత ఊదా మొగ్గలు.

"ఎడమామె అంటారక్కా దీన్ని. సోయా చిక్కుడులో ఒక రకం. కాయలు పచ్చిగా ఉన్నప్పుడే కోసి ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, లోపలి గింజలు తింటారు," అంది తోటికోడలు.

"ఎడమామె సరే, మరి కుడి ఆమె ఎవరు?" అన్నాడు భర్త లోపలినుంచి. తోటికోడలు నవ్వింది. ఈమె నవ్వలేదు. కూర్చోమంటే తోటికోడలు కూర్చోలేదు, మంచినీళ్లు మాత్రం తాగింది. బాల్కనీలోకి వెళ్లి, ఎండ ఎటునుంచి వస్తుందో చూసి, మిరపమొక్కల పక్కన డబ్బా పెట్టింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక మాట అంది.

"వేళ్లు మాత్రం కదపకు అక్కా. ఈ జాతి వేళ్లు కదిపితే అలుగుతుంది."

తలుపు వేసి గడియ పెట్టాక, ఈమె చాలాసేపు ఆ డబ్బా ముందే నిలబడింది. పద్నాలుగేళ్లు లేనిది ఇప్పుడెందుకొచ్చింది? వచ్చింది సరే, మొక్కెందుకు తెచ్చింది? తెచ్చింది సరే, లోపల చూడొద్దని ఎందుకు చెప్పి వెళ్లింది? గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే అడుగు సంగతి ఎత్తిందంటే అడుగున ఏదో ఉన్నట్టే కదా? ఇదంతా భర్తతో అంది. ఆయన పేపరు తిప్పుతూ, మొక్క ఇచ్చిన మనిషి మొక్క గురించి కాక మరి దేని గురించి చెప్తుందన్నాడు. ఈమె డబ్బా ఎత్తి చూసింది. అంత డబ్బాకు, అంత మట్టికి ఉండాల్సిన బరువు కాదది. అడుగు వైపు ఎక్కువ బరువుంది. చొక్కా పట్టుకుంటేనే జేబులో గుడ్డముక్క మిగిలిపోయిందో లేదో చెప్పగల చేతులు అవి. వాటిని ఎవరు మోసం చేయగలరు?

ఆ వారమంతా ఫ్యాక్టరీ నుంచి రాగానే కాళ్లైనా కడుక్కోకుండా బాల్కనీలోకి వెళ్లేది. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికల్లా పూర్తిగా ఇంకిపోతున్నాయి. కింది ఆకులు రెండు పసుపు పచ్చబడ్డాయి. గాలి గట్టిగా వీస్తే డబ్బా ఒరిగిపోతోంది. అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు మీసాల్లా బయటికొచ్చాయి. పనికిరాని మొక్కను తనకు అంటగట్టిందని ఒకరోజు, ఆరోగ్యం బాగాలేని మొక్కను తన చేతుల్లో చావనిచ్చి, చూశావా నీ చేతిలో ఏదీ బతకదని పదిమందిలో అనడానికి ఇచ్చిందని ఇంకోరోజు అనుకుంది. రెండూ నిజమే అయివుంటాయని శనివారానికి తేల్చుకుంది.

బస్టాపు దగ్గర మొక్కలమ్మే పెద్దాయన ఒకడున్నాడు. చిల్లుల్లోంచి వేళ్లొచ్చాయంటే డబ్బా చాలడం లేదని చెప్పాడు. నిజానికి ఈ జాతి మొక్కను ఒకచోట నాటాక కదపకపోవడమే మంచిది, పూతమీద అసలు కదపకూడదు. కానీ ఇంత చిన్న డబ్బాలో ఉంచినా కాయ పట్టదు, కాబట్టి మార్చక తప్పదన్నాడు. ఎలా మార్చాలో కూడా చెప్పాడు. గంట ముందు నీళ్లు పోయాలి. ఎండ దిగాక చేయాలి. డబ్బా పక్కకి వంచి చుట్టూ తట్టి, మట్టిముద్ద చెదరకుండా జార్చాలి. ముద్దను అలాగే పెద్ద దాన్లో, కాడ ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టి, చుట్టూ కొత్త మట్టి నింపాలి.

"ముద్ద మాత్రం విప్పొద్దమ్మా," అన్నాడు చివరికి.

ఈయన కూడానా, అనుకుంది. కుండీ అమ్ముకోవడానికి చెప్తున్నాడేమోనన్న అనుమానంతో, కుండీకి బదులు పెద్ద బకెట్టు ఇంకో చోట కొంది. భర్త దానికి అడుగున ఎనిమిది చిల్లులు పొడిచి, ఇక నన్ను పిలవొద్దని చెప్పి నడుం వాల్చాడు.

ఆదివారం సాయంత్రం పాత దుప్పటి పరిచి, పనికి కూర్చుంది. పెద్దాయన చెప్పినట్టే చేసింది. డబ్బా వంచి తట్టగానే మట్టిముద్ద ఎక్కడా విరక్కుండా, అచ్చులోంచి తీసినట్టు జారి ఒళ్లోకొచ్చింది. చుట్టూ తెల్లటి వేళ్లు వల అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి. పని అక్కడితో సగం అయిపోయినట్టే. ఎత్తి బకెట్టులో పెట్టి మట్టి నింపితే చాలు.

కానీ అడుగు బరువు సంగతి తేలలేదు. కుండీ అడుగున కత్తెర దాచి తెచ్చి ఇస్తారని లోకంలో ఎవరూ అనుకోరు. ఆమె అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా పడింది, అయినా వేళ్లు మట్టిలోకి దూర్చింది. అడుగున దొరికినవి పెంకుముక్కలు. చిల్లులు మట్టితో పూడుకుపోకుండా ఎవరైనా వేసేవే. ఐదు పెంకుముక్కలు. వాటిని కూడా రెండువైపులా తిప్పి చూసింది.

అప్పటికే ముద్ద సగం విచ్చుకుపోయింది. మట్టి రాలిన చోట మొక్క వేళ్ల మీద ఏవో కనపడ్డాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని మిరియాలంత, గుండ్రటి బొడిపెలు. ఒకటీ రెండూ కాదు, పైవేళ్ల నిండా గుత్తులు గుత్తులుగా పట్టి ఉన్నాయి. ఆమెకు భయం వేయలేదు. బల్ల మీద తప్పు దొరికినప్పుడు కలిగే ఆ నిమ్మళం అది. హమ్మయ్య, ఉంది. నేననుకున్నట్టే ఉంది.

పురుగు గుడ్లో, రోగమో, రెండూ కలిపో అయివుంటాయనుకుంది. పక్కనే తన మిరపమొక్కలు, పుదీనా ఉన్నాయి. లోపలికెళ్లి దారాలు కత్తిరించే చిన్న కట్టరు తెచ్చింది. కొళాయి కింద మొక్క వేళ్లు శుభ్రంగా కడిగేసింది. కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కొక్క బొడిపెనే పట్టి, దారం పోగు కత్తిరించినట్టు కత్తిరించి తెల్లకాగితం మీద వేసింది. అరవై రెండు. ఒకవైపు వేళ్లన్నీ అయ్యేసరికి వెలుతురు తగ్గింది. మిగతావాటిని రేపు చూడొచ్చని మొక్కను బకెట్టులో నిలబెట్టి మట్టి నింపింది. కాగితాన్ని పొట్లం కట్టి, ఫోను తీసింది.

ఆ నంబరుకు ఆమె ఫోను చేయడం అదే మొదలు.

"మొక్క ఇచ్చేముందు వేళ్లు చూశావా?" అంది.

"వేళ్లెవరు చూస్తారక్కా?"

"నేను చూశాను. నిండా పురుగు గుడ్లే. పక్కన నా మొక్కలు ఉన్నాయని చూసి మరీ అక్కడ పెట్టి వెళ్లావు. తెలియక చేశావా, తెలిసే చేశావా?"

అవతల లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు, ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు వినపడ్డాయి.

"నువ్వు చూడకుండా ఉండవని నాకు తెలిసుండాల్సింది," అంది తోటికోడలు. ఫోను పెట్టేసింది.

చూశావా, తప్పు ఒప్పుకుంది, అంది ఈమె భర్తతో. ఒప్పుకోవడం అలా ఉండదన్నాడు ఆయన. ఆ సాయంత్రం ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడే మనిషి మాట్లాడకపోతే ఆమెకు అదీ అనుమానమే.

తెల్లారేసరికి మొక్క తల వేలాడేసింది. ఒకవైపు ఆకులన్నీ ఉతికి పిండిన గుడ్డల్లా ముడుచుకుపోయాయి. మొగ్గలు బకెట్టు మట్టి మీద రాలి ఉన్నాయి. ఫ్యాక్టరీకి వెళ్లే దారిలో మొక్కల పెద్దాయన దగ్గర ఆగి, పొట్లం విప్పి ముందు పెట్టింది. ఏ మందు కొట్టాలో చెప్పమంది.

ఆయన ఒక బొడిపెను బొటనవేలి గోటితో రెండుగా చీల్చి, అరచేతిలో పెట్టి చూపించాడు. లోపల గులాబి రంగుంది, పంటి చిగురులా.

"రోగం కాదమ్మా ఇది. చిక్కుడు జాతి వేళ్లకి ఉండాల్సినవే ఇవి. గాలిలో ఉన్న బలాన్ని పట్టి మొక్కకి ఇస్తాయి. లోపల ఈ రంగుంటే మొక్క దివ్యంగా ఉన్నట్టు. ఇన్ని ఉన్నాయంటే పెంచినవాళ్లు బాగా పెంచారు." ఆగి, "ఎవరు కోశారు వీటిని?" అన్నాడు.

ఆమె పొట్లం మళ్లీ కట్టేసింది. ముసలాయనకు కళ్లు సరిగా కనపడవేమో అనుకుంది. ఫ్యాక్టరీకి వెళ్లి, తన బల్ల మీది దీపం కింద, చొక్కాల మధ్య కాగితం పరిచి, ఒకటి కోసింది. గులాబి. ఇంకొకటి కోసింది. గులాబి. పదకొండు కోసింది. అన్నీ అదే రంగు. పన్నెండోది కోయడానికి చేయి రాలేదు.

ముప్పై ఏళ్లలో తప్పున్న చొక్కా ఒకటో రెండో కన్నుగప్పి వెళ్లిపోయి ఉండొచ్చు. బాగున్న చొక్కాను పాడుచేసింది మాత్రం ఎప్పుడూ లేదు. ఆ రోజు ఆమె బల్ల మీద చొక్కాలు గుట్ట పడ్డాయి. అవతల కుట్టేవాళ్లు మెడలు సాచి చూశారు. భూతద్దానికి ఒంట్లో బాగాలేదని చెప్పుకున్నారు.

సాయంత్రం మొక్కను నీడకు మార్చింది. వాడిన ఆకులు తుంచింది, కాడకు పుల్ల కట్టింది. మర్నాడు పని అయ్యాక ఇంటికి రాకుండా, రెండు బస్సులు మారి, మరిది ఉండే పేటకు వెళ్లింది. చేతిలో ఆపిల్ పళ్ల సంచి. నాలుగో అంతస్తు. తలుపు తీసిన తోటికోడలు ఈమెను చూసి పక్కకు తప్పుకోలేదు.

"ఇప్పుడేం దొరికిందక్కా?" అంది.

ఏమీ దొరకలేదంది ఈమె. అయినా తోటికోడలు కళ్లు సంచి మీదే ఉన్నాయి. సంచి తీసుకుని లోపలికెళ్లి, బల్ల మీద పళ్లు ఒక్కొక్కటే తీసి పెట్టింది. అడుగున ఉన్న పండును కూడా తీసి, తిప్పి చూసి, ఖాళీ సంచి దులిపి మడిచింది. ఈమె ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్లుగా తను చేసిన పని ఎదుటివాళ్లకు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఒంటిమీది బట్ట తిరగేసి చూస్తున్నట్టు ఉంది.

వంటగది వెనక బాల్కనీ ఉంది. ఎదురుగా చేయి చాస్తే తగిలేంత దగ్గరలో కొత్త భవనం గోడ లేచింది. పగలే దీపం కావాల్సినంత చీకటి. గోడవారన ఖాళీ కుండీలు బోర్లించి ఉన్నాయి. ఆ గోడ లేచాక ఎండ పూర్తిగా పోయిందని, అందుకే మొక్కలన్నీ ఎండ ఉన్న ఇళ్లకు పంచేశానని తోటికోడలు చెప్పింది. వాచ్‌మన్‌కు రెండు, కింద ఇస్త్రీ చేసే ఆవిడకు ఒకటి, పిల్లలకు ఒకప్పుడు ట్యూషన్ చెప్పిన టీచరుకు ఒకటి. ఈమెది ఐదోది.

"నాకే ఎందుకిచ్చావు?"

"నీ బాల్కనీకి ఎండొస్తుందని గుర్తొచ్చింది."

"అంతేనా?"

"అంతే. ఇంకేం ఉండాలి?"

ఈమె పది రోజులుగా అడుగుదాకా తవ్వింది. అడుగున ద్వేషం లేదు సరే, ప్రత్యేకంగా ప్రేమ కూడా లేదు. ఎండ ఉంది, అంతే. ఆ సంగతి ఎందుకో ద్వేషం కన్నా ఎక్కువ నొప్పించింది.

"నేను కోసినవి మంచివేనట. పెద్దాయన చెప్పాడు. నేనూ చూశాను. తప్పు నాదే," అంది.

తోటికోడలు గ్యాస్ స్టవ్ మీద నీళ్లు పెట్టింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఆ రోజు బీరువాకి తాళం వేశావు. ఏం పోయింది? డబ్బులా, బంగారమా? పద్నాలుగేళ్లు అదే ఆలోచించాను."

"కత్తెర," అంది ఈమె.

తోటికోడలు అప్పుడు తిరిగింది. నమ్మలేనట్టు చూసింది. తర్వాత నవ్వబోయి మానేసింది. తను తీయలేదంది. ఆ రోజు పిల్లల కాగితాలు బ్లేడుతో కోశానని, వేలు తెగితే గుడ్డ కట్టింది నువ్వేనని గుర్తుచేసింది. ఈమె ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. కాలరు మడతలో వెతికినట్టే వెతికింది. నమ్మింది. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు నమ్మింది. ఆమె జీవితంలో ఎవరినైనా అంతవరకు నమ్మడం అదే మొదలు. ఇద్దరూ టీ తాగారు. క్షమించానని గాని, మళ్లీ రమ్మని గాని తోటికోడలు అనలేదు. బస్టాపు దాకా మాత్రం వచ్చి, ఏ బస్సు ఎక్కాలో చూపించింది.

మొక్క చావలేదు. కట్టరు తగలని వైపు ఆకులు వారానికల్లా తేరుకున్నాయి. తగిలిన వైపు కొమ్మ ఎండి రాలిపోయింది. ఒంటిరెక్క పక్షిలా ఒక పక్కకే పెరిగి, ఆలస్యంగా మళ్లీ పూత పట్టి, చివరికి తొమ్మిది కాయలు కాసింది. వాటిలో రెండు తాలు.

కాయలు ముదరకముందే కోయాలని పెద్దాయన చెప్పిన ఆదివారం, చెప్పాపెట్టకుండా తోటికోడలు వచ్చింది. ఎందుకొచ్చావన్న మాట ఈమె నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపి, ఉప్పునీళ్లు పొయ్యి మీద పెట్టింది. భర్త ఉడికిన కాయను తొక్కతో సహా నమిలి, ఇదేం తిండి, కొబ్బరిపీచులా ఉందన్నాడు. గింజలు పంటితో నొక్కి తీసుకోవాలి బావగారూ అంటూ తోటికోడలు చేసి చూపించింది. ముగ్గురూ తొమ్మిది కాయలూ తిన్నారు. ఎవరి వాటాకు తాలుకాయలు వచ్చాయో ఎవరూ చెప్పలేదు.

వెళ్లేముందు తోటికోడలు కాగితంలో చుట్టిన పది గింజలు ఇచ్చింది, వచ్చే పంటకాలానికి నాటమని. ఆమె వెళ్లాక ఈమె పొట్లం విప్పి, గింజలు కిటికీ వెలుతురులో పరిచింది. ఒకదానికి చిన్న చిల్లుంది. దాన్ని పక్కకు తీసింది. నాటే కాలం రాగానే, మిగతా తొమ్మిదింటిలో మూడింటిని, పాత మొక్క తీసేసిన ఆ పెద్ద బకెట్టులోనే, మళ్లీ మార్చే పని పడకుండా, వేలి కణుపంత లోతులో గుచ్చింది. మట్టి కప్పి, చేతులు కడుక్కుంది. రెండు రోజులు ఆగింది. మూడోరోజు పొద్దున మొలిచిందో లేదో చూద్దామని మట్టిని గోటితో కాస్త పక్కకు జరిపి, మళ్లీ కప్పేసింది.